బండికంటిన వీరగంధము: అపోహలు – వాస్తవములు

దూరయాత్ర ముగించి వచ్చిన మోటారుసైకిలుపై గట్టిన బురదను కొందఱు వీరగంధముగా భావింతురు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్సు పట్టణమున బసల యెదుట, నంబరు పలక సైతము కానరానంతగా మట్టి మెత్తుకొని నిలిచిన బండ్లను, వాని ప్రక్కన నిలువబడి ఫోటోలు తీయించుకొనువారిని చూచినవారికి ఈ మాట వింతగా దోపదు. ఆ మట్టి డాల్టన్ రహదారిది. 1974లో చమురు గొట్టపు నిర్మాణ సామగ్రిని చేరవేయుటకై వేసిన ఆ బాట, ఫెయిర్‌బ్యాంక్సునకు ఉత్తరముగా మొదలై, యూకాన్ నదిని దాటి, ఆటిగన్ కనుమ నెక్కి దిగి, ఆర్కిటిక్ సముద్రమునకు చేరువనున్న డెడ్‌హార్సు వఱకు 414 మైళ్లు సాగును. అందు చాలభాగము నేటికిని కంకరయే.

మట్టియే కదా, ఇల్లు చేరిన పిమ్మట తీఱికగా కడుగవచ్చుననుట మొదటి అపోహ. ఆ బాటపై దుమ్ము లేవకుండుటకై కాల్షియం క్లోరైడు చల్లుదురు. వానకాలమున వంటింటి ఉప్పుజాడీ చెమర్చునట్లు ఆ లవణము గాలిలోని తేమను తనలోనికి లాగికొని నేలను తడిగా నుంచును. అందుచే ధూళి యణగును. బాటకు మేలుచేయు నా గుణమే బండికి చేటు. బండి నంటుకొన్న పిమ్మటను అది తేమను విడువక అల్యూమినియమును, ఇనుమును మెల్లమెల్లగా తినును. తీగల కొసలలో దూరి పచ్చని చిలుము పట్టించును. ఎండెనా, ఆ బురద గానుగసున్నము వలె గట్టిపడి రేడియేటరు రేకుల నడిమి సందులను పూడ్చును. గాలి యాడక ఇంజను కాగిపోవును. అదృష్టవశమున ఈ లవణము నీట సులభముగా కరగును. కావున ఇంజను చల్లారిన వెంటనే, ఆ సాయంకాలమే, సబ్బు జోలికి పోకముందు మంచినీటిని మెత్తని ధారగా క్రిందినుండియు వెనుకనుండియు చాలసేపు పట్టవలెను. ఎండిన పెళ్లలను స్క్రూడ్రైవరుతో పెకలింపరాదు, నానబెట్టవలెను. మా యింట అడుగంటిన పాలగిన్నెకు అమ్మ చేయు చికిత్సయు నిదియే.

ధార యెంత వాడియైన శుభ్రత యంత యనుట రెండవది. క్వార్టరు నాణెములు వేసినంతనే నీటిని తూటావలె చిమ్ము కార్‌వాషులు అమెరికాలో చిన్న యూళ్లలోను కలవు. అలసివచ్చినవానికి అవి వరప్రసాదములుగా తోచును. కాని ఆ ధార ఇరుసు దగ్గఱి సీళ్లను త్రోసికొని పోయి బేరింగులలోని గ్రీజును కడిగి, దానికి మాఱుగా నీటిని నిలుపును. రేడియేటరు రేకులను వంచును. చెడిన బేరింగుల చప్పుడు వినవచ్చుటకు నెల పట్టును గనుక నేరము కార్‌వాషుపై పడదు, బండిని చేసినవానిపై పడును.

మూడవదానికి ఈ వ్యాసకర్తయే సాక్షి. యూటా రాష్ట్రమున మోయాబ్ చెంత, కాన్యన్‌ల్యాండ్సు జాతీయోద్యానములోని షేఫర్ బాట దిగి వచ్చిన సాయంకాలము, విండుషీల్డుపై నెఱ్ఱని ధూళి పొరగా నిలువగా, పొడిదుమ్మును పొడిగుడ్డయే పోగొట్టునను ధీమాతో చొక్కాచేతితో గుండ్రముగా తుడిచితిని. మఱునాడు ప్రొద్దుటి యెండ యెదురుపడగా, వెంట్రుకవాసి గీతలు వలయములు వలయములుగా సాలెగూడువలె మెఱసి బాటయే కనబడలేదు. ఇసుకలో నుండునది క్వార్ట్జు. కాఠిన్యపు మానమున దానిది 7వ స్థానము, గాజును సైతము గీయును. ఇక విండుషీల్డు చేయు మెత్తని పాలికార్బొనేటు లెక్కయేమి? తడిగుడ్డను విండుషీల్డుపై పఱచి పదినిమిషములు విడిచి, ధూళిని నీటితో దింపిన పిమ్మటనే తుడువవలెను. కిటికీ అద్దములకు వాడు అమోనియా ద్రావకము దీనికి పనికిరాదు.

దుమ్ముబాటలో చైనుకు నూనె యెంత పోసిన నంత మేలని నమ్మువారు పెక్కండ్రు. ఓ-రింగుల చైనులో కీలులకు వలసిన గ్రీజును కర్మాగారముననే నింపి మూసియుంతురు. మనము పైనుండి వేయునది ముఖ్యముగా రింగులు ఎండిపోకుండ, త్రుప్పు పట్టకుండ కాచుటకు. మితిమీఱిన నూనెకు ఇసుక తోడైనచో అది సానరాతి పొడియై పండ్ల చక్రములను అరగదీయును. కిరసనాయిలును మెత్తని బ్రష్షును చాలును. పెట్రోలు, ఇనుపతీగల బ్రష్షు రింగులకు శత్రువులు. తుడిచి యారిన చైనుకు పలుచగా నూనె పట్టించి మిగులును గుడ్డతో నద్దవలెను. చక్రమును చేతితోనే త్రిప్పవలెను. ఇంజను నడుపుచు గేరులో నుంచి త్రిప్పువారి వ్రేళ్లు చైనుకును పండ్లకును నడుమ చిక్కి తెగుట కద్దు.

ఎయిరు ఫిల్టరును నీట కడిగిన క్రొత్తదగుననుట నురుగు ఫిల్టరు విషయమున కొంత నిజము: కడిగి, పూర్తిగా నారబెట్టి, దాని నూనెను మరల పట్టింపవలెను. కాగితపు ఫిల్టరు మాత్రము తడిసిన చెడును. దానిని మార్చుటయే యుక్తము. యూటానుండి వచ్చిన రెండు నెలలకు నేను సీటు ఎత్తి ఎయిరు ఫిల్టరు పెట్టె మూత విప్పగా, పైన అద్దమువలె మెఱయుచున్న బండి లోపల, ఒక మూల, చిటికెడు కుంకుమవలె షేఫర్ మట్టి నిలిచియుండెను. ఇంజనులోనికి పోవు గొట్టపు నోటిని శుభ్రమైన గుడ్డతో మూసి, తడి వ్రేలితో నద్ది దానిని తీసితిని.