చేను వంక చూడని రైతు.. దిగులా? జబ్బా?

పత్తి ఆకు ఎర్రబడితే మన రైతుకు వెంటనే తెలుస్తుంది. ఇంట్లో మనిషి వాడిపోతుంటే మాత్రం నెల గడిచినా పట్టించుకోం. 'అప్పుల బెంగ, అదే సర్దుకుంటుందిలే' అంటాం. 1997-98లో వరంగల్ జిల్లాలో లద్దెపురుగు పత్తి చేలను ఊడ్చేసినప్పుడు ఎందరో రైతులు పురుగుకు కొట్టాల్సిన మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. అప్పు తీరే దారి వేరే చూడాల్సిందే. కానీ అప్పుతోపాటు మనసుకు జబ్బు చేస్తే దానికి వైద్యం ఉందన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియాలి.

పంట పోతే ఎవరికైనా దిగులే. నాలుగు రోజులు పోయాక మళ్లీ చేను వైపు అడుగు పడుతుంది. అలా కాకుండా రెండు వారాలు దాటినా రోజంతా దిగులుగానే ఉంటే, దేనిమీదా ఇష్టం లేకపోతే డాక్టరుకు చూపించాలి. ఇలాంటివాళ్లకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ముద్ద దిగదు. గొడ్లకు కుడితి పెట్టే ఓపిక ఉండదు. రచ్చబండ దగ్గరకు రారు. 'నావల్లే ఇల్లు మునిగింది' అని గొణుగుతారు. కొందరు మగవాళ్లు ఏడవరు, ప్రతిదానికీ కసురుతారు, తాగుడు పెంచుతారు. కాన్పయిన ఆడవాళ్లకూ ఈ జబ్బు రావచ్చు.

చిక్కేమిటంటే, దిగులుగా ఉందని ఎవరూ చెప్పరు. నడుం నొప్పి, గుండె దడ, ఒంట్లో సత్తువ లేదు అంటారు. సెలైన్ ఎక్కించుకుని డబ్బులు వదిలించుకుంటారు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా ఇలాగే ఉంటుంది. రక్తపరీక్ష చేయిస్తే అది తేలిపోతుంది.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. కొందరు ఉన్నట్టుండి విపరీతమైన హుషారులోకి వెళతారు. రెండు మూడు గంటలే నిద్రపోయినా అలసట ఉండదు. మాట ఆగదు. రెండెకరాల ఆసామి ఇరవై ఎకరాలు కౌలుకు మాట్లాడుకుని బయానా ఇచ్చేస్తాడు. కొన్నాళ్లకు కుంగిపోతాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకోవద్దు. గతంలో ఇలాంటి హుషారు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. దిగులు మందు ఒక్కటే వాడితే అది తిరగబెట్టవచ్చు.

దిగులు మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వారానికే 'పనిచేయలేదు' అని మానకూడదు. తగ్గాక కూడా డాక్టరు చెప్పేదాకా వాడాలి. లిథియం బిళ్లలు వాడేవాళ్లు ఎండలో పనిచేస్తే నీళ్లు బాగా తాగాలి, చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి.

'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో, చేను దగ్గర ఉన్న పురుగుమందు డబ్బాలు ఆ రోజే చుట్టాలింటికి చేర్చండి. ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు చేసినా సలహా చెబుతారు.