సముద్రంలోంచి లేస్తున్న నేల

ఫిన్లండ్ పడమటి తీరంలో వాసా అనే ఊరు 1606లో రేవు పక్కనే పుట్టింది. 1852లో మంటలంటుకుని దాదాపు ఊరంతా బూడిదైంది. మళ్లీ కట్టుకునేటప్పుడు జనం పాత చోటికి వెళ్లలేదు. అప్పటికే సముద్రం దూరం జరిగి, రేవు మేట వేసుకుపోయింది. సుమారు 7 కిలోమీటర్ల అవతల నీటి ఒడ్డు వెతుక్కుని కొత్త ఊరు కట్టారు.

నిజానికి జరిగింది సముద్రం కాదు, లేచింది నేల.

మంచుయుగంలో ఆ దేశం మీద దాదాపు 3 కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. అంటే చదరపు మీటరుకు రెండున్నర వేల టన్నులకు పైగా బరువు. ఆ భారానికి భూమి పైపొర వందల మీటర్లు కిందికి దిగింది. దాని అడుగున ఉన్న వేడి రాయి గట్టిదే అయినా, వేల ఏళ్ల లెక్కలో చిక్కటి పాకంలా కదులుతుంది. అది పక్కలకు జరిగింది. సుమారు పదివేల ఏళ్ల కిందట మంచు కరిగిపోయాక ఆ రాయి మెల్లగా వెనక్కి వస్తూ నేలను పైకెత్తుతోంది. దూది పరుపు మీద చాలాసేపు కూర్చున్న మనిషి లేచిపోయినా గుంట వెంటనే పూడదు కదా, అలాగన్నమాట.

వాసా ఎదుట ఉన్న క్వార్కెన్ దీవుల దగ్గర ఈ లేవడం ఏటా 8, 9 మిల్లీమీటర్లు. వేలిగోరంత కూడా లేదనిపిస్తుంది. కానీ అక్కడ సముద్రం లోతు తక్కువ, అడుగు చదును. అందుకే ఒక్క తరంలోనే పడవలు కట్టే చోటు మార్చుకోవాల్సి వస్తుంది. మంచు వదిలివెళ్లిన రాళ్లగట్లు నాగటి చాళ్లలా వరుసగా నీటిపైకి తేలుతుంటాయి. వాటి మధ్య చిక్కిన సముద్రపు పాయ ముందు మడుగవుతుంది. వాన నీటితో ఉప్పదనం పోయి చెరువవుతుంది, రెల్లు మొలుస్తుంది, చివరికి అడవి వస్తుంది. పాఠ్యపుస్తకంలో లక్షల ఏళ్ల కథగా చదివేది ఇక్కడ తాత, మనవడు కళ్లారా చూస్తారు. నాకు అన్నిటికన్నా అబ్బురం ఇదే. క్వార్కెన్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కొత్త నేల ఎవరిదన్న ప్రశ్నకూ అక్కడి చట్టంలో జవాబుంది. అది సాధారణంగా ఆ నీటి భాగం ఎవరిదో వారిది. ఒడ్డునున్న ఇంటివారు తమ పెరటి ముందు తేలిన నేల కావాలంటే డబ్బిచ్చి తీసుకోవాలి.

ఇప్పుడు ప్రపంచమంతటా సముద్రమట్టం ఏటా సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. వాసాలో ఇంకా నేలదే పైచేయి. దక్షిణాన హెల్సింకీ దగ్గర నేల అంత వేగంగా లేవదు కాబట్టి, అక్కడ రెండూ దాదాపు సరిసమానంగా వచ్చాయి.