సిగరెట్ మానడానికి మందులు: మెదడులో అవి చేసే పనేమిటి?

గురుగ్రామ్‌లో ఆఫీసు భవనాల బయట టీ, సిగరెట్లు అమ్మే చిన్న బడ్డీలను స్థానికులు ‘ఖోఖా’ అంటారు. టీ విరామంలో ఉద్యోగులు అక్కడ గుమిగూడతారు. తెలుగు రాష్ట్రాల నుంచి ఉద్యోగాలకు వెళ్లినవారు కూడా వారిలో ఉంటారు. సిగరెట్ మానాలని నిర్ణయించుకున్న వ్యక్తికి ఆ బడ్డీ దగ్గర గడిపే పది నిమిషాలే పెద్ద పరీక్ష. ‘మనసు గట్టిగా ఉంటే చాలు, అదే పోతుంది’ అని చుట్టూ ఉన్నవారు సలహా ఇస్తారు. నాలుగు రోజులకు మళ్లీ వెలిగిస్తే, తన మనసే బలహీనమైనదని అతను అనుకుంటాడు. కానీ ఆ నాలుగు రోజుల్లో తేడా వచ్చింది మనసు ఒక్కదానిలోనే కాదు, మెదడు కణాల్లో కూడా. ఆ తేడాను తట్టుకోవడానికి డాక్టర్లు రాసిచ్చే మందులు ఉన్నాయి.

మన దేశంలో 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం పెద్దవారిలో 10.7 శాతం మంది పొగ తాగుతున్నారు. వారిలో సగానికి పైగా మానాలని అనుకుంటున్నవారే. అంటే కోరికకు కొదవ లేదు, అందవలసింది సాయం.

నికోటిన్ పట్టు

సిగరెట్ అయినా, బీడీ అయినా, చుట్ట అయినా అలవాటు చేసే పదార్థం ఒక్కటే: నికోటిన్. పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే అది ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి చేరుతుంది. అక్కడ నాడీకణాల మీద ఉండే కొన్ని గ్రాహకాలకు అతుక్కుంటుంది. తాళంలో తాళంచెవి తిరిగినట్టు గ్రాహకం తెరుచుకుంటుంది, డోపమైన్ విడుదలవుతుంది, హాయిగా అనిపిస్తుంది. రోజూ ఇలా జరుగుతుంటే మెదడు ఆ గ్రాహకాల సంఖ్యను పెంచుకుంటుంది. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు ఖాళీ అయిన గ్రాహకాలు మళ్లీ నికోటిన్ కోరతాయి.

మానేసినప్పుడు వచ్చే చిరాకు, ఆందోళన, నిద్రపట్టకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం, ఆకలి పెరగడం వంటి ఇబ్బందులకు మూలం ఇదే. ఇవి మొదటి రోజే మొదలై, రెండు మూడు రోజులకు తీవ్రస్థాయికి చేరి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఎక్కువ ప్రయత్నాలు విఫలమయ్యేది ఈ తొలి రోజుల్లోనే.

మూడు దారులు

మొదటిది నికోటిన్‌నే పొగ లేకుండా ఇవ్వడం. చూయింగ్ గమ్, చర్మానికి అంటించే ప్యాచ్ ఈ కోవలోవి. సిగరెట్‌లో క్యాన్సర్ తెచ్చేవి ప్రధానంగా పొగలోని ఇతర రసాయనాలు. గమ్, ప్యాచ్ ద్వారా నికోటిన్ నెమ్మదిగా, తక్కువ మోతాదులో అందుతుంది. ఆ మోతాదును వారాల తరబడి తగ్గించుకుంటూ పోతారు. 2 మిల్లీగ్రాముల గమ్ మన దేశంలో చీటీ లేకుండానే దొరుకుతుంది. అయితే దీన్ని మామూలు బబుల్‌గమ్‌లా నమలకూడదు. ఘాటు తెలియగానే నమలడం ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. గబగబా నమిలి మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. గమ్ వాడే ముందు పావుగంట పాటు కాఫీ, పుల్లటి పానీయాలు తాగకపోవడం మంచిది. అవి నోటిలో నికోటిన్ ఇంకడాన్ని తగ్గిస్తాయి.

రెండోది బ్యుప్రోపియాన్. ఇది మొదట డిప్రెషన్‌కు వచ్చిన మందు. దీన్ని వాడుతున్నవారికి పొగ తాగాలన్న కోరిక తగ్గడం గమనించాక పరిశోధనలు జరిగి, 1997లో అమెరికాలో ధూమపానం మాన్పించే మందుగా ఆమోదం పొందింది. ఇందులో నికోటిన్ ఉండదు.

మూడోది వరెనిక్లిన్. దీని కథ ఒక చెట్టుతో మొదలవుతుంది. ఐరోపాలో పసుపు గుత్తులుగా పూసే లాబర్నమ్ చెట్టు గింజల్లో సైటిసిన్ అనే పదార్థం ఉంది. 1960ల నుంచే బల్గేరియాలో దాన్ని పొగ మాన్పించడానికి వాడుతున్నారు. ఆ అణువును ఆధారంగా చేసుకుని శాస్త్రవేత్తలు వరెనిక్లిన్‌ను తయారుచేశారు. 2006లో అమెరికాలో ఆమోదం లభించింది. ఇది నికోటిన్ కూర్చునే గ్రాహకం మీదే కూర్చుంటుంది, కానీ దాన్ని సగమే తెరుస్తుంది. కొద్దిగా డోపమైన్ విడుదల కావడంతో చిరాకు తగ్గుతుంది. పైగా ఆ చోటు అప్పటికే నిండి ఉంటుంది కాబట్టి మధ్యలో ఎవరైనా ఒక సిగరెట్ కాల్చినా మునుపటి హాయి దొరకదు.

వరెనిక్లిన్ మొదలుపెట్టిన రోజే సిగరెట్ మానాల్సిన అవసరం లేదు. సాధారణంగా మొదటి వారం మోతాదు కొద్దికొద్దిగా పెంచుతారు, ఎనిమిదో రోజు నుంచి పొగ మానేస్తారు. మొత్తం కోర్సు 12 వారాలు.

భయాలు, ఫలితాలు

వరెనిక్లిన్, బ్యుప్రోపియాన్ వాడితే మానసిక సమస్యలు వస్తాయన్న ఆందోళనతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. ఆ అనుమానాన్ని తేల్చడానికి 16 దేశాల్లో 8 వేల మందికి పైగా పాల్గొన్న ‘ఈగల్స్’ అధ్యయనం జరిగింది. వారిలో సగం మంది మానసిక సమస్యలు ఉన్నవారే. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం, ప్యాచ్‌తో గానీ మందు లేని ఉత్తుత్తి మాత్రతో గానీ పోలిస్తే ఈ మందుల వల్ల తీవ్ర మానసిక ఇబ్బందులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. అదే ఏడాది డిసెంబరులో ఆ తీవ్ర హెచ్చరికను తొలగించారు.

తొమ్మిదో వారం నుంచి 24వ వారం వరకు పొగ ముట్టనివారు వరెనిక్లిన్ బృందంలో 100కి సుమారు 22 మంది. బ్యుప్రోపియాన్, ప్యాచ్ బృందాల్లో సుమారు 16 మంది, ఉత్తుత్తి మాత్ర బృందంలో 9 మంది. మందు అవకాశాన్ని రెట్టింపు చేస్తుంది, గెలుపును ఖాయం చేయదు. ఒకసారి విఫలమైనవారు మళ్లీ ప్రయత్నించడంలో తప్పు లేదు.

డాక్టర్ చీటీ ఎందుకు?

వరెనిక్లిన్‌తో వికారం, చిత్రమైన కలలు సాధారణం. భోజనం తర్వాత గ్లాసు నిండా నీళ్లతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది కాబట్టి కిడ్నీ సమస్యలు తీవ్రంగా ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. మూర్ఛ ఉన్నవారు బ్యుప్రోపియాన్ వాడకూడదు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు ఏ మందైనా డాక్టర్‌ను అడిగే తీసుకోవాలి. మనసు తీరులో మార్పు కనిపిస్తే వెంటనే చెప్పాలి.

మరో విషయం చాలామందికి తెలియదు. పొగలోని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా విరిచేస్తుంది. సిగరెట్ మానేశాక ఆ వేగం తగ్గుతుంది. అంతకుముందు తాగినన్ని కప్పుల టీ, కాఫీ తాగితే కెఫీన్ శరీరంలో ఎక్కువసేపు నిలిచి గుండెదడ, నిద్రలేమి కలుగుతాయి. అదంతా మందు వల్లేనని భావించి కోర్సు మధ్యలో ఆపేసే ప్రమాదం ఉంది. కాబట్టి కప్పుల సంఖ్య తగ్గించుకోవాలి.

మందుకు తోడు మాట

గ్రాహకాలను మందు శాంతపరుస్తుంది గానీ, టీ చేతిలోకి రాగానే సిగరెట్ గుర్తుకు రావడాన్ని ఆపలేదు. దానికి కౌన్సెలింగ్ కావాలి. రెండూ కలిస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. నికోటిన్ ప్రత్యామ్నాయాలు, బ్యుప్రోపియాన్, వరెనిక్లిన్, సైటిసిన్‌లను అవి సిఫారసు చేశాయి. ఈ-సిగరెట్లపై మన దేశంలో 2019 నుంచి నిషేధం ఉంది కాబట్టి అవి ఇక్కడ మార్గం కావు.

గురుగ్రామ్‌కు పక్కనే ఉన్న ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016లో జాతీయ పొగాకు క్విట్‌లైన్ మొదలైంది. తర్వాత బెంగళూరులోని నిమ్‌హాన్స్ వంటి కేంద్రాలకు విస్తరించింది. 1800-11-2356కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మతో పాటు ముద్రించే నంబరు ఇదే. ఖోఖా దగ్గర పెట్టె చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అది కళ్ల ముందే ఉంటుంది.