కొడవలి పదును కొలిమిలో పోగొట్టుకొనరాదు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో వరికోతల ముందు రైతులు కొడవళ్లను కొలిమికి చేర్చుట పరిపాటి. తుపాను భయముతో త్వరపడు కోతలలో కొడవలి మొద్దుబారినచో కూలి వృథా యగును. చాలసార్లు ఆ లోపము ఉక్కుది కాదు, కాల్చుటలోనిది.

ఉక్కుకు గట్టిదనమిచ్చునది అందలి కర్బనము. ఎర్రగా కాలిన కొడవలికి తిత్తిగాలి నేరుగా తగిలినచో గాలిలోని ప్రాణవాయువు పైపొరలోని కర్బనమును హరించును. ఇనుము నల్లని పెళ్లలుగా రాలును. అంచు పలుచన గనుక నష్ట మచ్చటనే ఎక్కువ.

గాలి సోకకుండ మట్టితో కాచుట మనకు క్రొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము మూసి వేసిన మట్టిమూసలలోనే ఉక్కు తీసెడివారు. కొడవలికిని ఆ సూత్రమే వర్తించును.

1. మెత్తని బంకమట్టి, బొగ్గుపొడి నీటితో కలిపి పలుచగా పూసి, బాగుగా ఆరనీయవలెను. తడిపూత నిప్పులో రాలిపోవును. మందపుపూత ఉక్కును త్వరగా చల్లారనీయదు.

2. కొడవలిని తిత్తిమూతి కెదురుగా నుంచక, బొగ్గులలో కప్పవలెను.

3. సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉక్కు అయస్కాంతమున కంటదు. అటుపై కొద్ది వేడి చాలును.

4. లారీ స్ప్రింగుపట్టీ ఉక్కును నూనెలో ముంచవలెను, నీటిలో పగులవచ్చును. పిదప ఎండుగడ్డి రంగు వచ్చువరకు మెల్లగా కాచినచో పెళుసుదనము తగ్గును.

5. అంచును కొంచెము మందముగా నుంచి, చివర సాన పట్టవలెను. పండ్ల కొడవలికి ఇది వీలుకాదు గనుక మట్టిపూత తప్పనిసరి.

ఖర్చు పిడికెడు మట్టి మాత్రమే. ఈసారి కొలిమికి పోయినపుడు మీ కమ్మరితో ఈ విషయము ముచ్చటించుడు.