రాయే కదా అనుకోకండి!

కొత్త అక్వేరియం కొన్నారు. పిల్లలు ముచ్చటపడి ఎంచుకున్న నియాన్ టెట్రాలు వదిలారు. వేళకు మేత వేస్తున్నారు, నీళ్లూ మారుస్తున్నారు. అయినా వారం తిరక్కుండానే ఒక్కో చేపా పైకి తేలిపోతోంది. పెద్దవాళ్లు దుకాణదారును తిట్టుకుంటారు, పిల్లలు అన్నం మానేసి ఏడుస్తారు. కారణాలు చాలా ఉండొచ్చు. వాటిలో ఎవరూ అనుమానించనిది ఒకటుంది... తొట్టి అడుగున అందం కోసం పెట్టిన రాయి!

మన ప్రాంతంలో రాళ్లకు కొదవా? తిరుమల ఘాట్‌రోడ్డులో చూడండి. కింద గ్రానైట్, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. ఈ రెంటి వయసుల మధ్య తేడా కోట్ల సంవత్సరాలు! అందుకే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. కొండపైన శిలాతోరణం కూడా క్వార్ట్‌జైటే. ఈ రాయి నీళ్లలో కరగడమన్నది దాదాపు ఉండదు. చిత్తూరు, కుప్పం గ్రానైటూ అంతే. తొట్టిలో ఏళ్ల తరబడి ఉన్నా నీటి గుణం మారదు.

కడప బండ కథ వేరు

వంటగట్టుకీ అలమరలకీ వాడే నల్లటి కడప బండ, నేలకు పరిచే నాపరాయి... ఇవి సున్నపురాయి జాతి. పాలరాయీ ఆ కుటుంబమే. గవ్వలు, శంఖాలు, పగడపు ముక్కల్లో ఉండేదీ కాల్షియం కార్బొనేటే. చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిసి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది ఈ రాళ్లను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. దాంతో నీటి కఠినత్వం, పీహెచ్ రెండూ పెరుగుతాయి.

పెరిగితే ఏమవుతుంది? నియాన్ టెట్రా, డిస్కస్ అమెజాన్ ప్రాంతపు చేపలు. ఆమ్ల గుణమున్న మెత్తటి నీళ్లకు అలవాటుపడ్డవి. కఠిన జలంలో నీరసిస్తాయి. ఇంకో ప్రమాదమూ ఉంది. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. పీహెచ్ 7 దగ్గర అందులో చాలా భాగం అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే విషరూపం వాటా దాదాపు పదింతలవుతుంది!

చాలాచోట్ల మన బోరు నీళ్లు ముందే కఠినం. సబ్బు నురగ రాదు, పాత్ర అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అందుకే కొందరు డబ్బు పెట్టి కొన్న క్యాన్ నీళ్లు తొట్టిలో కలుపుతారు. కానీ మెత్తటి నీళ్లలోనే సున్నపురాయి ఎక్కువ కరుగుతుంది. మీరు తగ్గించిన కఠినత్వాన్ని రాయి మళ్లీ తెచ్చిపెడుతుందన్నమాట.

అలాగని ఆ రాయిని నిందించక్కర్లేదు. గప్పీ, మోలీలకు కఠిన జలం పడుతుంది. ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్లకైతే అదే కావాలి. బోరు నీళ్లే దిక్కయిన ఇంట్లో గప్పీలు పెంచుకోవడమే తెలివైన పని.

వెనిగర్ చెబుతుంది నిజం

* రాయిని కడిగి ఆరబెట్టండి. మేకుతో గీకి, ఆ పొడిమీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసా పొంగితే సున్నపురాయే. నిమ్మరసమైనా సరే.

* పొంగకపోయినా తొందరపడొద్దు. ఒకే నీళ్లను రెండు బక్కెట్లలో పట్టి, ఒకదాంట్లో రాయి వేయండి. రెండు వారాలయ్యాక రెండింటి పీహెచ్, కఠినత్వం కిట్‌తో పరీక్షించండి.

* తుప్పు మరకలు, లోహపు మెరుపు ఉన్న రాళ్లు వద్దు.

* ఇప్పటికే సున్నపురాయి వేసి ఉంటే తీసేయండి. నీళ్లన్నీ ఒక్కసారిగా మార్చకండి. మూడు నాలుగు రోజులకోసారి పావు వంతు మారిస్తే చాలు. ఆకస్మిక మార్పు చేపకు పెద్ద దెబ్బ.

* శేషాచలం కొండల్లో రాళ్లు ఏరుకురావద్దు. అది రక్షిత అటవీప్రాంతం. ఇల్లు కట్టేచోట మిగిలిన గ్రానైట్ ముక్క తెచ్చుకోండి.

ఈసారి తొట్టిలో రాయి పెట్టేముందు వంటింట్లోంచి వెనిగర్ సీసా తెప్పించండి. ఆ పరీక్షేదో పిల్లల చేతే చేయించండి. చేపకు మేలు... పిల్లలకు ఓ రసాయనశాస్త్ర పాఠం!