ఈతకు వెళ్ళలేనివారికి ఇంట్లో వ్యాయామాలు

మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి, అధిక బరువుతో మా ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామందికి ఎక్కడో ఒకచోట ఒక డాక్టరు "ఈత కొట్టండి, చాలా మంచిది" అని చెప్పి ఉంటారు. సలహా మంచిదే. కానీ మన ఊళ్ళలో ఈత కొలను ఎక్కడుంది? హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల్లో ఉన్నా, రుసుము కట్టి ప్రయాణం చేసి వెళ్ళగలిగేవారు కొద్దిమందే. యాభై ఏళ్ళు దాటిన మన తల్లులు, అక్కలు ఈత దుస్తులు వేసుకుని నలుగురిలో నీళ్ళలోకి దిగడానికి ఇష్టపడరు. చివరికి జరిగేదేమిటంటే, ఈత కుదరదు కాబట్టి ఏ వ్యాయామమూ చేయకుండా ఉండిపోతారు. ఆరు నెలల్లో తొడ కండరాలు సన్నబడతాయి, బరువు పెరుగుతుంది, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

ఒక హెచ్చరిక. వ్యాయామం కోసమని ఈత రానివారు చెరువుల్లో, కాలువల్లో, వ్యవసాయ బావుల్లో దిగవద్దు. లోతు తెలియదు, అడుగున బురద ఉంటుంది, కాలువలో నీటి వేగం పైకి కనిపించదు. మోకాలి నొప్పి కోసం ప్రాణాన్ని పణంగా పెట్టకూడదు.

ఈత వల్ల మేలు ఎలా జరుగుతుంది?

నీళ్ళు మన శరీరాన్ని పైకి మోస్తాయి. నడుము లోతు నీటిలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు దాదాపు సగమవుతుంది. రొమ్ము లోతులో ఇంకా తగ్గుతుంది. అందువల్ల కీళ్ళ మీద దెబ్బ పడకుండా కండరాలు పనిచేస్తాయి. రెండవది, నీటిని తోసుకుంటూ కదలాలి కాబట్టి చేతులు, భుజాలు, వీపు, కాళ్ళు అన్నీ బలపడతాయి. మూడవది, గుండెకు, ఊపిరితిత్తులకు వ్యాయామం అందుతుంది.

ఈ మూడింటినీ ఇంట్లోనే పొందవచ్చు. పడుకుని, కూర్చుని చేస్తే కీళ్ళ మీద భారం తగ్గుతుంది. నీటికి బదులు మన శరీర బరువు, నీళ్ళ సీసాలు కండరాలకు పని కల్పిస్తాయి. అంతేకాదు, నిలబడి చేసే వ్యాయామం ఎముకలకు ఈత కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఎముక గట్టిపడాలంటే దాని మీద కొంత బరువు పడాలి.

"అరిగిన మోకాలిని కదిపితే ఇంకా అరిగిపోదా?" అని చాలామంది అడుగుతారు. అరగదు. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు అందులోని ద్రవం ద్వారానే దానికి పోషణ అందుతుంది.

ఇంట్లో చేయదగిన ఆరు వ్యాయామాలు

1. తొడ బిగించడం: మంచం మీద కాళ్ళు చాపి కూర్చోండి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలితో దాన్ని కిందికి నొక్కండి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి 10 సార్లు.

2. కాలు ఎత్తడం: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి. రెండో కాలిని నిటారుగా ఉంచి ఒక అడుగు ఎత్తు లేపి, మెల్లగా దించండి. ఒక్కో కాలికి 10 సార్లు.

3. కుర్చీలో నుంచి లేవడం: కదలని కుర్చీని గోడకు ఆనించండి. కూర్చుని లేచి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోండి. 8 నుండి 10 సార్లు. మొదట్లో చేతుల ఆసరా తీసుకోవచ్చు.

4. గోడను తోయడం: గోడకు చేతి దూరంలో నిలబడి అరచేతులు ఆనించండి. మోచేతులు వంచి గోడవైపు వాలి, మళ్ళీ వెనక్కి రండి. 10 సార్లు. భుజాలు, రొమ్ము బలపడతాయి.

5. నీళ్ళ సీసాలు: అర లీటరు సీసాలు రెండు నింపి చేతికొకటి పట్టుకోండి. చేతుల్ని ముందుకు, తర్వాత పక్కలకు భుజాల ఎత్తు వరకు లేపండి. 10 సార్లు. అలవాటయ్యాక లీటరు సీసాలు వాడండి. అప్పుడు చేతికి కిలో బరువు అవుతుంది.

6. ఉన్నచోటే నడక: కిటికీ ఊచ పట్టుకుని నిలబడి, ఉన్నచోటే అడుగులు వేయండి. 5 నిమిషాలతో మొదలుపెట్టి 15 నిమిషాలకు పెంచండి. నిలబడలేనివారు వెల్లకిలా పడుకుని సైకిలు తొక్కినట్టు కాళ్ళు ఆడించవచ్చు.

ఎంత చేయాలి?

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, వారంలో రెండు రోజులైనా కండరాలు బలపడే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినా మేలే. శ్రమ సరిపోతోందా అని చూసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. ఆరవ వ్యాయామం చేస్తుండగా పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ కీర్తన పాడబోతే ఊపిరి చాలకూడదు.

ఊపిరి బిగబట్టవద్దు. అంకెలు పైకి లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది. వ్యాయామం తర్వాత కొద్దిగా నొప్పి సహజం. అది మర్నాటికి తగ్గకపోతే లెక్కను సగానికి తగ్గించండి.

బరువు విషయం కూడా మరువకండి. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఆరాధనలో చాప మీద కూర్చుంటే మోకాళ్ళు బాధిస్తున్నాయా? కుర్చీలో కూర్చోండి. అందులో భక్తి తక్కువేమీ కాదు.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

గుండె జబ్బు, పక్షవాతం ఉన్నవారు, ఈ మధ్య శస్త్రచికిత్స జరిగినవారు, మోకాలు వాచి వేడిగా ఉన్నవారు మమ్మల్ని అడగనిదే మొదలుపెట్టవద్దు. షుగరు ఉన్నవారు పరగడుపున చేయవద్దు. పాదాలకు స్పర్శ తగ్గితే ఇంట్లో కూడా చెప్పులు వేసుకుని చేయండి. గుండె నొప్పి, తల తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి రండి.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. "అమ్మా, నువ్వు కూర్చో, మేం చేస్తాం" అనడం ప్రేమే. కానీ ఆ ప్రేమ రోజూ పావుగంట అమ్మ పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టడంలో చూపిస్తే ఆమె మోకాళ్ళకు ఎక్కువ మేలు. సాయంత్రం కుటుంబ ప్రార్థనకు ముందు ఆ పావుగంట కేటాయించుకోండి. ఎలా చేయాలో సందేహముంటే మా ఫిజియోథెరపీ విభాగానికి రండి, చేయించి చూపిస్తాం. దేవుడు మనకు అప్పగించిన ఈ దేహాన్ని జాగ్రత్తగా చూసుకోవడానికి ఈత కొలను అవసరం లేదు. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గోడ చాలు.