నొప్పి లేదంటే నమ్మొద్దు!

డబ్లిన్ (కాలిఫోర్నియా): దీపావళి ముందు రోజు. ఇండియా నుంచి ఆర్నెల్లకని వచ్చిన అమ్మ అరిసెలు వేస్తుంటే చేతిమీద నూనె చింది పడింది. "ఏం లేదురా, కాస్త చురుక్కుమంది" అని కొంగు కప్పేసుకుంది. ఆస్పత్రికెళ్తే కొడుక్కి ఎన్ని వేల డాలర్ల బిల్లు పడుతుందోనని ఆమె భయం. డబ్లిన్, ప్లెజంటన్, శాన్ రమోన్‌లలో పెద్దవాళ్లను పిలిపించుకున్న ఏ ఇంట్లోనైనా జరగగలిగేదే ఇది. అందుకే గాయాన్ని చూసి పోల్చుకోవడం మనకు తెలిసుండాలి.

పైపైన కాలితే చర్మం ఎర్రబడి మండుతుంది, బొబ్బ రాదు. కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. ఇంకాస్త లోతుకు వెళ్తే బొబ్బలొస్తాయి, చర్మం చెమ్మగా ఉంటుంది, నొప్పి భరించలేం. అసలు ప్రమాదం మూడోది. చర్మం పాలిపోయో, గోధుమరంగులోనో, నల్లగానో మారి తోలులా గట్టిపడుతుంది. నరాలు కూడా కాలిపోతాయి కాబట్టి అక్కడ నొప్పి తెలియదు. 'నొప్పి లేదు' అన్న మాటకు మనం ఊరట పడతాం, డాక్టర్లు కంగారు పడతారు.

ఇంకో చిక్కుంది. పుస్తకాల్లో కనిపించే ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్ల చర్మానివి. మన చామనఛాయ ఒంటిమీద ఎరుపు అంత స్పష్టంగా తెలియదు, కమిలినట్టు ముదురు రంగులో కనిపించవచ్చు. కాబట్టి రంగు ఒక్కటే చూడకండి. వాపుందా, పక్క చర్మం కన్నా వేడిగా ఉందా, ముట్టుకుంటే తెలుస్తోందా అన్నదీ చూడాలి.

కాలగానే కుళాయి కింద చల్లటి నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. మూడు గంటల లోపు ఎప్పుడు పెట్టినా ఉపయోగమే. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న... ఏదీ వద్దు. (ఇంకు సీసా ఈ దేశం దాకా రాలేదు కానీ టూత్‌పేస్టు మాత్రం ప్రతి ఇంట్లో ఉంది!) బొబ్బలు చిదపకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పాలి.

ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర లోతుగా కాలినా, కరెంటు, యాసిడ్ వల్ల కాలినా ఇంటివైద్యం కుదరదు. వేళ్లతో కలిపి మన అరచేయి ఒంట్లో సుమారు ఒక శాతం. బొబ్బలు అంతకు మించి పరచుకుంటే డాక్టరుకు చూపించాలి. పెద్ద గాయమైతే వెంటనే 911. దగ్గర్లో పెద్దవారికి శాన్ హోసేలోని శాంటా క్లారా వ్యాలీ మెడికల్ సెంటర్‌లో, పిల్లలకు శాక్రమెంటోలోని ష్రైనర్స్‌లో కాలిన గాయాల ప్రత్యేక విభాగాలున్నాయి.

బిల్లు మాటకొస్తే, 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో ఇన్సూరెన్స్ లేకున్నా పరీక్షించి, పరిస్థితి నిలకడపడే దాకా చికిత్స చేయాల్సిందే. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. దాని గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా అడగండి, ఆ సేవకు డబ్బు తీసుకోరు.

నాన్నగారికి షుగరుంటే మరో పని. పాదాల్లో స్పర్శ తగ్గితే మేకు గుచ్చుకున్నా, హీటింగ్ ప్యాడ్‌కు కాలినా ఆయనకు తెలియదు. గుచ్చుకున్న గాయం పైకి చిన్నదే, లోపల లోతు. అది మురికిదైతే, చివరి టెటనస్ టీకా వేసి ఐదేళ్లు దాటిందేమో అడగండి. రాత్రి పడుకునే ముందు ఆయన అరికాళ్లు ఒకసారి లైటు వేసి చూడండి.